ముట్టుకోకపోయినా నడిచే ఆటగాడు

కిందటి వేసవి సెలవుల్లో మా తమ్ముడి కొడుకు టీవీలో ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఆడుతూ, "పెదనాన్నా, నేనేం నొక్కకపోయినా వీడు ఎడమకే పోతున్నాడు" అన్నాడు. ఆటను నడిపించే చేతి పరికరం, అంటే కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టి చూస్తే నిజమే, తెర మీది ఆటగాడు ఎవరో పిలిచినట్లు నింపాదిగా గీత దాటి వెళ్లిపోతున్నాడు. కొని 14 నెలలు, వారంటీ ముగిసి 2 నెలలు. కంపెనీ వారికి ఫోన్ చేస్తే కొత్త కంట్రోలర్ కొనుక్కోవడం మేలని సలహా ఇచ్చారు.

బెజవాడ గవర్నర్‌పేటలోని ఒక చిన్న రిపేరు షాపుకు తీసుకువెళ్లాను. మెకానిక్ దాన్ని విప్పి, ఆటగాణ్ని నడపడానికి బొటనవేలితో తిప్పే స్టిక్ కింద ఉండే మాడ్యూల్‌ను, అంటే చిన్న పెట్టెలాంటి భాగాన్ని చూపించాడు. కార్బన్ పూత ఉన్న చిన్న పలక మీద లోహపు నాలుక ఒకటి రాసుకుంటూ కదులుతుంది. అది ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి యంత్రం దిక్కును గుర్తిస్తుంది. రాసుకున్న కొద్దీ పూత అరిగి, నల్లటి పొడి రాలుతుంది. "పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది చూడండి, అదే జబ్బు సార్ ఇది కూడా" అన్నాడు. మాడ్యూల్‌ను బోర్డుకు పట్టి ఉంచే 14 కాళ్లనూ ఒక్కొక్కటిగా వేడిచేసి, అతికించిన లోహాన్ని (సోల్డర్) పీల్చి, ఊడదీయడానికి అతనికి ముప్పావు గంట పట్టింది.

నాకు కోపం తెప్పించిన విషయం వేరే ఉంది. రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్లను సెగా సంస్థ 1998లోనే తన డ్రీమ్‌కాస్ట్ అనే గేమ్ యంత్రం (కన్సోల్) కంట్రోలర్‌లో వాడింది. అయినా 2017లో వచ్చిన నింటెండో సంస్థ స్విచ్ కన్సోల్‌కు చెందిన జాయ్‌కాన్ కంట్రోలర్‌లలో ఉన్నవి అరిగే రకం స్టిక్‌లే. ఫిర్యాదులు కోర్టుల దాకా వెళ్లాక, 2020లో నింటెండో అధ్యక్షుడు షుంతారో ఫురుకావా వినియోగదారులకు కలిగిన ఇబ్బందికి క్షమాపణ చెప్పారు.

అంతకు ముందు మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 కథ ఇంకా పెద్దది. 2005లో విడుదలైన ఆ యంత్రం ముందు భాగంలో మూడు ఎర్ర దీపాలు వెలిగితే ఇక దాని పని అయిపోయినట్లే. ఆన్ చేసినప్పుడు వేడెక్కి, ఆపినప్పుడు చల్లారి, చిప్‌లోని సన్నని అతుకులు క్రమంగా పగిలిపోయేవి. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఈ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చును లెక్కల్లో చూపవలసి వచ్చింది. తువ్వాలు చుట్టి మరింత వేడెక్కిస్తే బాగవుతుందని నమ్మినవారూ ఉన్నారు! మే నెల బెజవాడ ఎండలో, టీవీ కింద గాలి ఆడని అరలో కన్సోల్‌ను ఇరికించే మనం వాళ్లను చూసి నవ్వనక్కరలేదు.

పాతవి చెడిపోలేదని అనను. మా చిన్నప్పటి టీవీ గేమ్ క్యాసెట్ పనిచేయకపోతే తీసి, ఉఫ్‌మని ఊది, మళ్లీ పెట్టేవాళ్లం. నిజానికి పని చేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడమే. నోటి తడి వల్ల కాంటాక్టులకు తుప్పు పట్టేది కూడా. కానీ ఆ వైద్యం పదేళ్ల పిల్లవాడి చేతిలో ఉండేది.

ఎడమ స్టిక్ మార్పించి నాలుగు నెలలైంది. ఇప్పుడు కుడిది మొదలుపెట్టింది. ఈసారి అయస్కాంతం రకం వేయమని ఆ మెకానిక్‌నే అడిగితే, తెప్పిస్తాను గాని వేశాక కంప్యూటర్‌కు తగిలించి మధ్య స్థానం సరిచూడాలి, రెండు రోజులు ఉంచి వెళ్లండి అన్నాడు.