వంటగదిని కాగితం మీదికి ఎక్కించాం

పాత అరలు పీకించకముందే వంటగదిని కొలిచి బొమ్మ గీసుకోవాలని పట్టుబట్టింది నేనే. "కార్పెంటర్ వచ్చి కొలుచుకుంటాడు కదక్కా, మనకెందుకీ తిప్పలు?" అన్నాడు తమ్ముడు. కొలుచుకుంటాడు, నిజమే. కానీ అతను చూసేది తను చేయబోయే పెట్టెలకు కావలసిన కొలతలు. ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ రెక్క కుళాయికి తగులుతుందా, ఇద్దరం ఒకేసారి లోపల ఉంటే ఎవరు ఎవరికి అడ్డం అన్నవి రోజూ అక్కడ మసిలే మనమే చూసుకోవాలి.

5 మీటర్ల ఇనుప టేపు, పెన్సిలు, రబ్బరు, గ్రాఫు కాగితం, ఒక రసమట్టం. సామాను అంతే. టేపు కొసన ఉండే కొక్కెం కాస్త కదులుతుంటే తమ్ముడు అది పాడైందనుకున్నాడు. దాన్ని కావాలనే వదులుగా బిగిస్తారు. గోడకు ఆనించి నొక్కితే లోపలికి జరుగుతుంది, అంచుకు తగిలించి లాగితే బయటికి వస్తుంది. ఆ జరుగుడు కొక్కెం రేకు మందమంతే ఉంటుంది కాబట్టి రెండు విధాలా కొలత సరిగ్గానే వస్తుంది. అంకెలన్నీ మిల్లీమీటర్లలోనే రాయాలని ముందే అనుకున్నాం. కొన్ని అంగుళాల్లో, కొన్ని సెంటీమీటర్లలో రాసిన కాగితం ఎవరికీ పనికిరాదు.

ముందు టేపు ముట్టుకోకుండా, పైనుంచి చూస్తే గది ఎలా కనిపిస్తుందో చేత్తో గీసేశాను. గోడలు, గుమ్మం, కిటికీ, మూలలో పొడుచుకొచ్చిన పిల్లర్. గీతలు వంకరగా ఉన్నా ఫర్వాలేదు, అంకెలు రాసుకోవడానికి చోటుంటే చాలు.

అసలు పని గోడల దగ్గర మొదలైంది. పొడవాటి గోడను ఒక్కసారి కొలిచి వదిలేయకుండా మూడు ఎత్తుల్లో కొలిచాం. నేల దగ్గర 3340, గట్టు ఎత్తులో 3326, పై అరలు వచ్చేచోట 3318. ఒకే గోడకు మూడు పొడవులు! కంటికి తిన్నగా కనిపించే గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరపడుతున్నాయన్నమాట. పూత మందం, టైల్స్, గోడ కట్టినప్పటి వంపు, అన్నీ కలిసి ఆ తేడా తెస్తాయి. గోడ నుంచి గోడ దాకా కూర్చోవలసిన పెట్టెల వరసకు ఆ ఎత్తులో వచ్చిన తక్కువ కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. నేల దగ్గరి అంకె నమ్ముకుని పై అరలు చేయిస్తే అవి లోపల పట్టవు.

మూలలో టేపు వంగిపోతుంది, అక్కడ చదివే అంకె ఊహే. అందుకని ఒక మూల నుంచి 2000 దగ్గర గోడ మీద పెన్సిలు గీత పెట్టి, రెండో మూల నుంచి ఆ గీత దాకా కొలిచి రెండూ కలిపాం. ఆ తర్వాత ముక్కల లెక్క. గట్టు ఎత్తులో మూల నుంచి కిటికీ చట్రం దాకా 865, చట్రం 1220, అటునుంచి రెండో మూలకు 1243. కలిపితే 3328. మొత్తంగా కొలిచినప్పుడు వచ్చింది 3326. రెండు మిల్లీమీటర్ల తేడా టేపుతో మామూలే. ఇలా కూడి చూసుకోవడం నాకు బాగా నచ్చింది. ఎక్కడైనా అంకె తారుమారైతే అక్కడే పట్టుబడుతుంది.

మూలలు నిజంగా లంబకోణంలో ఉన్నాయా అన్నది 3-4-5 లెక్కతో చూశాం. మూల నుంచి ఒక గోడ మీద 90 సెం.మీ., రెండో గోడ మీద 120 సెం.మీ. గుర్తు పెడితే ఆ రెంటి మధ్య సరిగ్గా 150 రావాలి. మాకు 151.2 వచ్చింది. అంటే మూల ఒక డిగ్రీ దాకా విచ్చుకుంది. 60 సెం.మీ. లోతున్న పెట్టెను వెనక గోడకు ఆనిస్తే, ముందు అంచు దగ్గర పక్క గోడకూ దానికీ మధ్య సెంటీమీటరు సందు మిగులుతుంది. బళ్లో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతం ఇన్నాళ్లకు సింకు పక్కన పనికొచ్చింది.

కదపలేనివి, కదిపితే ఖర్చయ్యేవి వేరే రంగులో గుర్తు పెట్టాను: డ్రెయిన్ పైపు, నీళ్ల కుళాయిలు, గ్యాస్ గొట్టం, స్విచ్ బోర్డులు, పొగ బయటికి పోయే రంధ్రం. ఒక్కోదానికి రెండు అంకెలు, మూల నుంచి దూరం, నేల నుంచి ఎత్తు. పైపులకైతే అంచు నుంచి కాకుండా నడిమి నుంచి కొలవాలి. పాత సింకు కింద దూరి కొలిచింది తమ్ముడే, ఆ కష్టం గురించి ఇక్కడ రాయొద్దన్నాడు.

మర్నాడు శుభ్రంగా గీశాను. కాగితం మీద 1 సెం.మీ. అంటే గదిలో 20 సెం.మీ. మూడుమీటర్ల పైచిలుకు గోడ ఏ4 కాగితం మీద హాయిగా పడుతుంది. పైనుంచి చూసే ప్లాన్ ఒకటి, ఒక్కో గోడను ఎదురుగా నిలబడి చూసినట్టు ఒక్కో బొమ్మ. గోడల బొమ్మలు లేకపోతే కిటికీ అడుగు అంచు గట్టు కన్నా ఎంత ఎత్తున ఉందో తెలియదు. కుళాయి ఎన్నుకోవడం దాని మీదే ఆధారపడింది.

తర్వాత అట్టముక్కలు. స్టవ్, సింకు, ఫ్రిజ్‌లను అదే కొలతలో కత్తిరించి ప్లాన్ మీద జరుపుతూ కూర్చున్నాం. గది వెడల్పు 2440. రెండువైపులా 600 లోతు గట్లు వేస్తే నడవడానికి 1240 మిగులుతుంది. వంట చేసేవాళ్లు ఒకరైతే 107 సెం.మీ., ఇద్దరైతే 122 ఉండాలని అమెరికాలోని నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ సూచన. ఆ లెక్కన సరిపోయింది. ఫ్రిజ్ మాత్రం తలుపుతో సహా 700 లోతు, అది వరస మధ్యలో వస్తే దారి 1140కి పడిపోతోంది. గుమ్మం వైపు చివరికి జరిపాం. గది చిన్నదని దిగులుపడే వాళ్లకు ఒక మాట: 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెటె షూటె-లిహోట్స్కీ జర్మనీలోని చిన్న ఇళ్ల కోసం గీసిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లే.

కార్పెంటర్ కాగితాలు తిప్పి చూసి, ఆ విచ్చుకున్న మూల దగ్గర వేలు పెట్టాడు. "ఇక్కడ 30 మిల్లీమీటర్ల పట్టీ వేద్దాం మేడమ్, గోడ వంపును బట్టి చెక్కి అతికిస్తా" అన్నాడు. పట్టీ ఉంటే ఆ పక్క సొరుగు కూడా గోడకు రాసుకోకుండా బయటికి వస్తుందట. పాత టైల్స్ తీశాక తను మళ్లీ కొలుస్తానన్నాడు. గట్టు మీది రాతి పలకకు కింది పెట్టెలు బిగించాకే కొలత తీస్తారట, అందుకని బొమ్మలో ఆ పలక దగ్గర అంకె వేయలేదు.