ఆపేసిన ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఎక్కడికి పోతోంది?

శనివారం సాయంత్రం ఆరింటికి ల్యాప్‌టాప్ షట్ డౌన్ చేసినప్పుడు ఛార్జింగ్ 90 శాతం. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆన్ చేస్తే 67. మధ్యలో దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. ఇంటికి తాళం వేసి నేను అనకాపల్లిలో అమ్మ దగ్గరున్నాను.

నేను నర్సీపట్నం దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. ఆ రోజు పదో తరగతికి కటకాల పాఠం. కిరణాలు కటకంలోంచి వెళ్లి ఎక్కడ కలుస్తాయో కదిలే బొమ్మలతో చూపించాలని రాత్రిళ్లు కూర్చుని తయారుచేసుకున్నాను. సరిగ్గా ఆ రోజే కరెంటు పోయింది. ప్రొజెక్టర్ లేకపోతేనేం అని పిల్లల్ని బల్ల చుట్టూ చేర్చి ల్యాప్‌టాప్ మీదే చూపించాను. రెండు సెక్షన్లు అయ్యాయి. మూడో సెక్షన్ పిల్లలు వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయింది. వాళ్లకు బోర్డు మీద గీసి చెప్పాను గానీ, ఆ వెలితి సాయంత్రం దాకా పోలేదు.

రిపేరు షాపులో అబ్బాయి చూసి, "బ్యాటరీ పోయింది మేడమ్, మార్చాలి, 3,500 అవుతుంది" అన్నాడు. డబ్బులిచ్చేద్దామనే అనుకున్నాను. కానీ ఒక విషయం పొసగలేదు. బ్యాటరీ పాడైతే వాడుతున్నప్పుడు కూడా త్వరగా దిగిపోవాలి కదా? నాకు ఫుల్ ఛార్జింగ్‌తో ఎప్పటిలాగే మూడున్నర గంటలు వస్తోంది. ఆపి ఉన్నప్పుడే పోతోంది.

మా తమ్ముడికి ఫోన్ చేశాను. "ముందు రిపోర్ట్ తియ్యి అక్కా, కొనడం సంగతి తర్వాత" అన్నాడు. ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిపించి, ఇంగ్లిష్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టించాడు. బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక ఫైలు తయారైంది. అందులో డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తలో పట్టాల్సింది, 41,040 మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు ఫుల్ ఛార్జింగ్‌కు పడుతున్నది 35,400. అంటే 86 శాతం ఇంకా ఉంది. మూడేళ్లు వాడిన బ్యాటరీకి అది బాగున్నట్టే.

ఆ అంకెలు చేతికొచ్చాక లెక్క వెయ్యకుండా ఉండలేకపోయాను. పోయిన 23 శాతం అంటే దాదాపు 8,140 మిల్లీవాట్ అవర్లు. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటికి 38 గంటలు. భాగిస్తే సుమారు 214 మిల్లీవాట్లు. లిథియం అయాన్ బ్యాటరీ ఊరికే ఉన్నా కొంచెం దిగుతుంది, కానీ నెలంతా పెట్టినా కొద్ది శాతమే. అంటే ఆ రెండు రాత్రులూ లోపల ఏదో పనిచేస్తూనే ఉంది.

తమ్ముడు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర సీపీయూ కింద అప్‌టైమ్, అంటే చివరిసారి కొత్తగా మొదలై ఎంతసేపైందో, చూడమన్నాడు. 11 రోజులు అని ఉంది! రోజూ రాత్రి నా చేత్తో షట్ డౌన్ చేస్తున్నాను. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుందట. షట్ డౌన్ నొక్కితే మనం తెరిచినవి మూసేస్తుంది గానీ, విండోస్ లోపలి కెర్నెల్ (దాని మూల భాగం) స్థితిని మాత్రం డిస్క్‌లో దాచుకుంటుంది, మర్నాడు త్వరగా లేవడానికి. రీస్టార్ట్ నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. డిస్క్‌లో దాచినదానికి కరెంటు అక్కర్లేదు. కానీ కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇలా ఆపినప్పుడు నెట్‌వర్క్ కార్డు లాంటివి పూర్తిగా ఆగవు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్లు ఏం చెయ్యాలో ఎంచుకునే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేశాను.

తర్వాతి సోమవారం: 72. తగ్గింది, కానీ కొంచెమే. నిజం చెప్పాలంటే నిరాశ కలిగింది.

ఆ బుధవారం రాత్రి షట్ డౌన్ చేసి, లైటు ఆర్పి గదిలోంచి వెళ్తుంటే టేబుల్ మీద పలచటి ఎర్రని వెలుగు కనిపించింది. మౌస్ కిందనుంచి. వైరు మౌస్ అది, ఎప్పుడూ తగిలించే ఉంచుతాను. ఎత్తి చూస్తే అరచేతిలో ఎర్రటి మచ్చ పడింది. ల్యాప్‌టాప్ ఆగిపోయి అప్పటికి పది నిమిషాలు. ఛార్జర్ కూడా తగిలించి లేదు. ఇన్నాళ్లూ లైటు వేసి ఉన్నప్పుడే వెళ్లిపోవడం వల్ల కంటబడలేదు.

మళ్ళీ ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కి, విండోస్ కంటే ముందే నడిచే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లాను (ఈ కీ ఒక్కో కంపెనీకి ఒక్కోటి). ఆపి ఉన్నా యూఎస్‌బీ పోర్టు నుంచి ఫోన్ ఛార్జ్ చేసుకునే సదుపాయం ఆన్‌లో ఉంది. దాని కిందే, ఛార్జర్ లేకుండా బ్యాటరీ మీద కూడా ఇవ్వాలా అన్నదీ ఆన్‌లోనే. రెండూ ఆపేశాను. మౌస్ పీకేస్తే చాలదా అంటే, ఖాళీ పోర్టుకైనా 5 వోల్టులు సిద్ధంగా ఉంచడానికి లోపలి సర్క్యూట్ కొంత తింటూనే ఉంటుంది. ఆపి ఉన్న ల్యాప్‌టాప్‌ను నెట్‌వర్క్ ద్వారా లేపే వేక్ ఆన్ ల్యాన్ కూడా చూశాను, అది ముందే ఆఫ్‌లో ఉంది.

వారానికి ఒక్కటే మార్చడం నేను కావాలని చేసిన పని. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది తింటోందో నాకెప్పటికీ తెలిసేది కాదు.

ఆ శనివారం 90 దగ్గర ఆపి, మౌస్ అలాగే ఉంచి అనకాపల్లి వెళ్లాను. సోమవారం వచ్చి బ్యాగు కూడా దించకుండా ఆన్ చేశాను. 88. అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను.

స్టాఫ్‌రూమ్‌లో ఈ సంగతి చెబితే మా లెక్కల మాస్టారు తన ల్యాప్‌టాప్ తెచ్చారు. ఆయనదీ అదే ఫిర్యాదు. రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీలో సగం కూడా మిగల్లేదు. ఆయన బ్యాటరీ కొనక తప్పలేదు.