తాతగారి షేవింగ్ మగ్గు వయసు తెలుసుకోవడం

చెన్నై పాత ఇళ్ల అటకల మీద పింగాణీ షేవింగ్ మగ్గు దొరికితే ముందు బోర్లించండి. అసలు సంగతంతా అడుగునే ఉంటుంది. వజ్రం ఆకారపు ముద్ర ఉంటే ఆ డిజైన్ బ్రిటన్‌లో 1842–1883 మధ్య నమోదైంది. ‘ఆర్‌డి’ (Rd, అంటే రిజిస్టర్డ్) నంబరుంటే 1884 నుంచి. అయితే అది డిజైన్ నమోదైన ఏడాదే, మగ్గు చేసిన ఏడాది కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

పక్కన వెడల్పాటి ముక్కు, పైన చిల్లుల సబ్బు పళ్లెం ఉంటే దాన్ని స్కటిల్ అంటారు. ముక్కులోంచి బ్రష్‌ని వేడినీళ్లలో ముంచుతారు, పైన సబ్బు రుద్దుతారు, మిగిలిన నీళ్లు చిల్లుల్లోంచి కిందికి దిగుతాయి. ఎంత చక్కటి ఏర్పాటో!

లోపల ఫోన్ టార్చి వెలిగించండి. గోడలోంచి వెలుగు కనిపిస్తే పోర్సలిన్ లేదా బోన్ చైనా, అంటే మేలురకం పింగాణీ.

మురికిగా ఉందని చింతపండు పెట్టి తోమకండి, దయచేసి. బంగారు గీత గ్లేజు (గాజులాంటి మెరుపు పూత) పైనే ఉంటుంది, రుద్దితే లేచిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.