పాత గుడ్డ – 1

ఆ రసీదు ఇప్పుడు నా ఎదురుగానే ఉంది. గులాబీ రంగు కాగితం, అంచున కార్బను మరక. వస్తువు అన్న గడిలో "పాత గుడ్డ – 1" అని రాసి ఉంది. ఆ గుడ్డ మా అమ్మమ్మ పొందూరు ఖాదీ చీర, చేత్తో వడికిన నూలుతో నేసినది. ఉగాది వెళ్ళి ఒక్క రోజే అయింది. కోపం చల్లారితే మర్యాదగా రాసేస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

మొదలుపెట్టింది మా వదిన. పండుగ ఆదివారం పడింది, సోమవారం ఒక్కరోజు సెలవు పెడితే మూడు రోజులు కలిసొస్తాయి. "గుడికి వెళ్ళొచ్చాక అందరం మీ మేడ మీద చేరదాం. ఆడవాళ్ళు అమ్మమ్మల చీరలు, మగవాళ్ళు తాతల పంచెలు. కొత్తబట్టలు కట్టినవాళ్ళకు పచ్చడి లేదు" అని ఫోనులో ప్రకటించింది. మేడ అంటే నా మిద్దెతోట. శ్రీకాకుళంలో మా వీధి మొత్తానికి మిద్దెతోట అని చెప్పుకోదగ్గది మాదొక్కటే. గొప్పకు చెప్పడం లేదు, వచ్చి చూసుకోవచ్చు. నలభై రెండు కుండీలు, ఆరు డ్రమ్ములు, ఒక ఆనప పందిరి, కడియం నర్సరీ మొక్కలని వ్యానులో తెచ్చి అమ్మే మనిషి దగ్గర కొన్న నాలుగు గులాబీలు. ఈ గులాబీల సంగతి మళ్ళీ వస్తుంది.

గురువారం సెలవు పెట్టి ట్రంకు పెట్టె తెరిచాను. కలరా ఉండల వాసన, పొడిపొడిగా రాలిన వేపాకు, అడుగున చీర. మీగడ రంగు నేత, రెండు వేళ్ళ వెడల్పున ఎర్ర అంచు. ఎనిమిది గజాలు, అంటే ఏడు మీటర్ల పైమాటే. పక్కనే అమ్మమ్మ రవిక కూడా ఉంది. సరదాగా తొడగబోతే నా మోచేతి దగ్గర ఆగిపోయింది. రవిక సంగతి అంతటితో సరి, దర్జీ కొత్తది కుట్టాడు.

ఉతకడం నాకు తెలుసు. కుంకుడుకాయ రసంలో అరగంట నానబెట్టి, పిండకుండా నీళ్ళు కారనిచ్చి, పల్చటి గంజిలో ఒక్కసారి ముంచి తీశాను. ట్రంకు మూల తగిలిన చోట తుప్పు మరక ఒకటి ఉంటే నిమ్మరసం, ఉప్పు రాసి, ఆ ఒక్క ముక్కను కాసేపు ఎండలో ఉంచి కడిగాను. ఇంతవరకూ నా అంత జాగ్రత్తపరురాలు లేదు. తరువాత మేడ మీద దండెం వేసి ఆరేశాను. ఆ దండెం సరిగ్గా గులాబీల మీదుగా పోతుంది.

మా వైపు ఉగాదికి ముందూ వెనకా వాతావరణాన్ని నమ్మకూడదని పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. పొద్దున పల్చటి మంచు, పదింటికల్లా చురుక్కుమనే ఎండ, మధ్యాహ్నం గాలాడని ఉక్క. నాలుగు దాటాక పడమట కొండల వైపు నుంచి మబ్బు లేస్తే, కిటికీ మూసేలోపే గాలివాన మీదికి వచ్చేస్తుంది. ఆ రోజూ అంతే. వంటింట్లో ఉన్నాను. రేకులు దడదడలాడితే పైకి పరుగెత్తాను. చీర దండెం మీద లేదు. సగం పక్కింటి మునగచెట్టుకు వేలాడుతోంది, సగం నా గులాబీలను కౌగిలించుకుని ఉంది. లాగకూడదని తెలుసు. అయినా చినుకులు పడుతుంటే చెయ్యి ఆగలేదు. పర్రుమంది. వడ్రంగి మూలమట్టంలా ఒకవైపు జానెడు, మరోవైపు బెత్తెడు చిరుగు, అదీ పమిట మీద అందరికీ కనిపించే చోట.

ఇక్కడి వరకూ తప్పు నాదే. దీని తరువాతది నాది కాదు.

శుక్రవారం పొద్దున్నే ఊళ్ళో పెద్ద దుకాణానికి వెళ్ళాను. పేరు రాయను. బోర్డు మీద రోలింగు, పాలిష్, డ్రై క్లీనింగు, రఫూ అని నాలుగు రంగుల్లో ఉంటుంది. రఫూ అంటే చిరుగును దారంతో అల్లి కలపడం. పండుగ రద్దీ. మెరిసే పట్టుచీరలు బల్ల మీద గుట్టలుగా పడున్నాయి. నా వంతు వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. బల్ల దగ్గరి కుర్రవాడు సంచిలోంచి చీరను రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని తీసినట్టు తీశాడు. "ఇదా?" అన్నాడు.

"రఫూ చేయాలి బాబూ. పొందూరు ఖాదీ, జాగ్రత్త" అన్నాను.

లోపలి నుంచి యజమాని వచ్చాడు. చిరుగు చూడలేదు, ముందు అంచు చూశాడు. గోటితో గీకాడు. చిరుగు దగ్గర వేలాడుతున్న దారం ఒకటి తెంపి లైటరుతో వెలిగించాడు. కాగితం కాలిన వాసన వచ్చింది, బూడిద రాలింది. పాలిస్టరు దారమైతే కరిగి ఉండ కట్టేది. అంటే ఇది పాలిస్టరు కాదని అతనికి నా కళ్ళ ముందే తేలిపోయింది. తేలాక అన్న మాట ఇది: "జరీ లేదు మేడమ్. పాత పట్టుచీరలైతే జరీ కోసం మేమే ఎదురు డబ్బిచ్చి కొంటాం. దీనిలో ఏముందని? రఫూ కూలీకి ఇంకో యాభై కలిపితే కొత్త కాటన్ చీరే వస్తుంది."

నా వెనక నిలబడిన ఆవిడ కిసుక్కున నవ్వింది. ఆవిడ చేతిలో నాలుగు పట్టుచీరల సంచి ఉంది. నాకు చెవులు వేడెక్కాయి. పాతికేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని, వందమంది ముందు గొంతు తడబడకుండా మాట్లాడగలను. అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. "అమ్మమ్మది" అన్నాను, అది కూడా సగమే వినబడింది. "సరే, మీ ఇష్టం. రెండు వందలు. అడ్వాన్సు నూట యాభై. ఇక్కడ సంతకం పెట్టండి, చిరిగితే మా పూచీ లేదు" అన్నాడు. చిరిగినదాన్ని తెచ్చింది నేను, చిరిగితే పూచీ లేదనేది అతను! అయినా సంతకం పెట్టాను. గడిలో ఏం రాశాడో బయటికి వచ్చి ఆటో ఎక్కాక చదివాను.

ఈ నాలుగు రోజుల్లో అన్నిటికంటే నన్ను కాల్చింది ఆ సంతకమే. రాత్రి భోజనాల దగ్గర కూడా అదే తలచుకున్నాను. ఆ మాటను ఒప్పుకున్నట్టు కింద నా పేరు, పొట్టి అక్షరాల్లో, వంకర లేకుండా.

సాయంత్రం తెచ్చుకోబోతే అసలు కథ బయటపడింది. రఫూ చేసే మనిషి పండుగకు ఊరు వెళ్ళాడట. ఆ మాట పొద్దున చెప్పలేదు. పోనీ చీరను ముట్టుకోకుండా ఉంచారా అంటే అదీ లేదు, మిగతా చీరలతో కలిపి రోలింగుకు పడేశారు. రోలింగు అంటే తెలియనివారికి చెబుతాను: గుడ్డ మీద నీళ్ళు చల్లి, తిరిగే వేడి గొట్టం మీదికి బిగలాగి నడిపిస్తారు. కొత్త గుడ్డ తట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి మడతల్లో ఉండి చివికిన నూలును, అందులోనూ చిరుగు ఉన్నదాన్ని బిగలాగితే ఏమవుతుంది? జానెడు చిరుగు మూరెడయింది. అది చాలదన్నట్టు నంబరు చీటీని పమిట కొంగుకు స్టేప్లరు పిన్నుతో కొట్టారు. కుర్రవాడు నా ముందే చీటీని పట్టుకుని లాగాడు. పిన్ను ఊడింది, దానితో పాటు నాలుగు పోగులు ఊడాయి.

"ఇదేమిటి?" అన్నాను.

"సంతకం పెట్టారు కదా మేడమ్" అన్నాడు యజమాని, ఫోను చూస్తూ.

చీర సంచిలో కుక్కుకుని వచ్చేశాను. బాకీ యాభై ఇవ్వలేదు. ఇవ్వకపోవడం ధైర్యం కాదు, ఏడుపు వస్తుంటే పర్సు తెరవలేక.

ఇది చదివేవాళ్ళు ఇంట్లో పాత చీరలుంటే గుర్తుంచుకోండి: రఫూ చేసే మనిషి ముఖం చూడకుండా గుడ్డ చేతికివ్వకండి. బల్ల ఉన్న దుకాణాన్ని, బల్ల మీద గాజు ఉన్న దుకాణాన్ని అసలే నమ్మకండి. మా ఆయన ఇది అన్యాయమంటారు, మంచి దుకాణాలూ ఉంటాయంటారు. ఆయన చీర కాదు కదా.

శనివారం పొద్దున బస్సెక్కి పొందూరు వెళ్ళాను. ఇంత దగ్గర ఉండి, పుట్టి బుద్ధెరిగి అక్కడ దిగడం రెండోసారి. సిగ్గుపడాల్సిందే. గాంధీగారు ఈ నూలు సన్నదనం విని తన కొడుకు దేవదాసును పంపి చూసి రమ్మన్న ఊరు ఇది. 1949 నుంచి ఖాదీ కార్మికుల సంఘం నడుస్తున్న ఊరు. నేను మాత్రం పండుగ చీరలకు విశాఖపట్నం పరుగెత్తేదాన్ని.

సంఘం దగ్గర అడిగితే ఒక ఇల్లు చూపించారు. అరుగు మీద ఒక అవ్వ కూర్చుని పత్తి శుభ్రం చేస్తోంది. చేతిలో వాలుగ చేప దవడ ఎముక. దాని పళ్ళు చిన్నారి దువ్వెనలా ఉన్నాయి, సన్నగా, లోపలికి వంగి. గింజకు అంటుకున్న పత్తిని ఆ పళ్ళతో అలా దువ్వుతుంటే పోగులన్నీ ఒకే వైపుకు పడుకుంటున్నాయి, నలుసులు ఒళ్ళోకి రాలుతున్నాయి. చేప వాసన ఉంటుందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. లేదు, ఎముక వాడివాడి దంతంలా నునుపెక్కింది. పక్కన ఎండిన అరటి దొప్పలో ఏకులు, అంటే వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్టలు, పెట్టి ఉన్నాయి. నూలు నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. ఈ పద్ధతిలో తీసిన నూరో నంబరు నూలు కిలో తూగాలంటే, దారం పొడవు నూరు కిలోమీటర్లకు తగ్గదు. మా ఊరి నుంచి విశాఖపట్నానికి పరిచినంత.

చీర విప్పి ఒళ్ళో పెట్టాను. అవ్వ అంచు చూడలేదు. ఒక పోగు పైకి తీసి, బొటనవేలితో పేని, వెలుతురుకు పట్టి చూసింది.

"కొండపత్తి" అంది. "మంచి చేతులు వడికాయి. ఎవరిదమ్మా?"

"మా అమ్మమ్మది అవ్వా."

"చిరిగిందెలా?"

చెప్పాను. గులాబీల మాట రాగానే ఎముక కింద పెట్టి నా ముఖంలోకి చూసింది. "ముళ్ళ మీద చీర ఆరేస్తారా తల్లీ ఎవరైనా? చదువుకున్నావు కదా!" అంది. అరుగు చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. చిత్రమేమిటంటే ఈసారి నాకూ నవ్వొచ్చింది.

బాగుచేసింది ఆమె కోడలు, నేత పని చేసే మనిషి. ముందు చిరుగు చుట్టూ ఊగే పోగులను ఒక్కొక్కటి తడిచేత్తో సర్దింది. అత్తగారి దారమే సూదికెక్కించి మొదట నిలువు పోగులు వరుసగా వేసింది, తరువాత ఒకటి మీదుగా ఒకటి కిందుగా అడ్డపోగు నడిపింది. మగ్గం మీద చేసేదే, సూదితో. దారం ఎక్కడా బిగించలేదు, బిగిస్తే గుడ్డ ముడత పడుతుందట. మూడు గంటలు పట్టింది. దగ్గర పెట్టి చూస్తే అతుకు తెలుస్తుంది: కొత్త నూలు కాస్త తెల్లగా ఉంది, పాతది మీగడ రంగు. చెయ్యి చాచి చూస్తే కనబడదు. "నాలుగుసార్లు ఉతికితే కలిసిపోతుంది" అంది. కూలి రెండు వందల యాభై అడిగింది. ఆటోవాడితో కూడా పది రూపాయలకు పేచీ పెట్టేదాన్ని, అడిగినంతా లెక్కపెట్టి ఇచ్చాను. ఆమె కూడా మళ్ళీ లెక్కపెట్టుకుంది.

ఉగాది నాడు కట్టుకోవడం ఇంకో ప్రహసనం. ఏడు మీటర్ల గుడ్డకు ఎన్ని కుచ్చిళ్ళు పోసినా మిగులుతూనే ఉంది. చివరికి మా పిన్ని వచ్చి, రెండు చుట్లు తిప్పి, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, అరనిమిషంలో ముగించింది. బయలుదేరేటప్పుడు ఎండ. పది గంటలకు మేడ మీద అందరం చేరేసరికి మబ్బు. తాతగారి పంచె కట్టిన మా అన్నయ్య, గంజి పెట్టిన ఆ పంచె ఎక్కడ నలుగుతుందోనని మర బొమ్మలా నిలబడ్డాడు. పచ్చడిలోకి మామిడికాయలు కొనలేదు. గురువారం గాలికి వెనక పెరట్లో రాలిన పిందెలే ఏరి పెట్టాను, పులుపు ఎక్కువై అందరూ కళ్ళు మూసుకుని తిన్నారు. పదకొండుకు చినుకులు మొదలయ్యాయి. ఆకుల గిన్నెలతో అందరూ ఆనప పందిరి కిందికి దూరారు. అన్నయ్య పంచె తడిసి కాళ్ళకు అతుక్కుపోయింది. నేను మాత్రం మొదటి చినుకుకే పమిట చుట్టుకుని కిందికి దిగేశాను. ఫోటోల్లో నేను లేకపోవడానికి కారణం అదే, వదినా. ఇంకా అలిగే ఉంటే ఇది చదువు.

ఈ రోజు సోమవారం. పొద్దున గులాబీ కుండీలను మేడ అవతలి గోడకు జరిపాను. నానబెట్టిన ఆనప, బీర గింజలు రెండు డ్రముల్లో పెట్టి, ఎండకు మట్టి పగలకుండా పైన ఎండుటాకులు కప్పాను. చీరను పాత మడతల మీద కాకుండా కొత్త చోట మడిచి, తెల్లటి పాత పంచెలో చుట్టి బీరువాలో పెట్టాను. ఏడాదికి రెండుసార్లు విప్పి మడతలు మార్చమని అవ్వ చెప్పింది.

మధ్యాహ్నం ఫోను మోగింది. కుర్రవాడి గొంతు. "మేడమ్, మీ పాత గుడ్డకు ఇంకా యాభై రూపాయలు బాకీ ఉంది."

"చీర" అన్నాను.

"ఏమిటి మేడమ్?"

"రసీదులో 'చీర' అని దిద్ది పంపించు. యాభై అప్పుడు ఇస్తాను."

అటువైపు కాసేపు చప్పుడు లేదు. యజమానిని అడిగి చెబుతానని పెట్టేశాడు. ఇప్పుడు ఐదున్నర అయింది, పడమట మళ్ళీ మబ్బు పట్టింది, ఇంతవరకూ ఫోను రాలేదు.