బెర్లిన్‌లో డప్పు కాచిన చోటు

జూన్ 12న బడి తెరుస్తారు. ఆలోపు తిరిగి వచ్చేస్తామన్న హామీ మీద ఒక ఊరేగింపులో డప్పు కొట్టడానికి వెళ్తున్న నకిరేకల్ ప్రాంతపు బృందంతో బెర్లిన్ బయలుదేరాను. ఫారాలు నింపడానికి, ఇంగ్లిషులో నాలుగు మాటలు మాట్లాడడానికి వాళ్లకొక పంతులు కావాలి; నాకు వేసవి సెలవులున్నాయి. వీసా తిప్పలు చెప్పడం మొదలుపెడితే తెల్లారిపోతుంది, వదిలేద్దాం. శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు విమానం, అక్కడి నుంచి నాలుగు గంటల రైలు. బృందం పెద్దను అందరం తాత అనే పిలుస్తాం. ఆయన తన డప్పును సామానులో వేయనివ్వలేదు. పాత దుప్పట్లో చుట్టి దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

దిగేసరికి ముసురు. చెమ్మ తగిలితే మేకతోలు జారిపోతుంది, దెబ్బ వేస్తే అట్టపెట్టె చప్పుడే. మన దగ్గర దానికి చింత లేదు. పీర్ల పండుగకు అలావా మంట ఉండనే ఉంటుంది, పెళ్లికయితే ఇంత వరిగడ్డి చాలు. సెగ తగలగానే తోలు బిగిసి గొంతు లేస్తుంది. బెర్లిన్ వీధుల్లో మంట వేయకూడదన్నారు. గదిలో అగ్గిపుల్ల గీసినా పైకప్పు మీది యంత్రం కూస్తుందేమోనని నా భయం. కుర్రాళ్లు జుట్టు ఆరబెట్టే మిషను పట్టుకొచ్చారు. తాత దాన్ని కాసేపు చూసి, "ఇది తోలు ఆరడానికా, పిల్లల తల ఆరడానికా?" అన్నాడు.

మేం దిగింది క్రాయిట్స్‌బెర్గ్‌లో. 1961లో పశ్చిమ జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకుని కూలీలను రప్పించుకున్నాక, ఎందరో తుర్కులు స్థిరపడిన పేట అది. వీధి మలుపులో కబాబు దుకాణం. నిలువు చువ్వకు గుచ్చిన మాంసం ఎర్రటి సెగ ముందు తిరుగుతోంది. అందరం మాంసం వైపు చూస్తుంటే తాత సెగ వైపు చూశాడు.

నేను అడగడానికి మొహమాటపడుతుండగానే ఆయన దుప్పటి విప్పి డప్పు చూపించాడు. దుకాణదారుడు డప్పు కొట్టే చిర్రను, చిటికెన పుల్లను చేతిలోకి తీసుకుని నవ్వాడు. వాళ్ల డోలు దవుల్‌కూ అంతే, ఒక చేతికి లావు కర్ర, రెండో చేతికి సన్నటి పుల్ల. కాకపోతే దానికి రెండు వైపులా తోలు. పెళ్లిళ్లలో మోగుతుంది, రంజాన్ నెలలో తెల్లవారకముందే సహరీ భోజనానికి ఊరిని లేపేదీ అదే. బల్ల మీదే ఒక దరువు వేసి చూపించాడు. తాత తన డప్పు మీద బదులిచ్చాడు. ఇంగ్లిషు పంతులుగా నాకక్కడ పని లేకుండా పోయింది. డప్పులు వంతులవారీగా పొయ్యి పక్కన చేరాయి, మాంసం వాసన మాత్రం వాటిని చాలా రోజులు వదల్లేదు.

క్రైస్తవుల పెంతెకొస్తు పండుగ ఆదివారం సంస్కృతుల కార్నివాల్ ఊరేగింపు. 1996లో మొదలైన వేడుక. మామూలు ఆదివారాల్లో చప్పుడు చేస్తే ఊరుకోని ఆ నగరం ఆ రోజు చెవులు తెరిచి పెట్టింది. బ్రెజిల్ డ్రమ్ములవాళ్ల వెనుక మాకు చోటిచ్చారు. నా మట్టుకు డప్పును కుర్చీలేసిన సభల్లో వినడం ఇష్టం ఉండదు. అది నడుస్తూ కొట్టే వాద్యం. అక్కడ నడక దొరికింది. మధ్యలో చల్లారి గొంతు తగ్గితే మాత్రం కాచుకునే దారి లేదు. తాత తిట్టుకుంటూనే, ఆ లోటును కాళ్లతో పూడ్చాడు.

ఊరికొచ్చాక ఆయన పెళ్లి డప్పుకు రేటు పెంచాడు. పెళ్లివారు బేరమాడితే, "బెర్లిన్‌లో అడిగి రండి" అంటున్నాడు.