నడుము మీద నల్లమచ్చ

జ్వరం తగ్గి ఐదు నెలలైంది. కోపమే ఇంకా పూర్తిగా దిగలేదు.

దసరా వెళ్లాక నేపాల్‌లోని రసువా జిల్లాకు పోయాను. గత్లాంగ్ అని తమాంగ్ తెగవాళ్ల పల్లె. చేరిన మర్నాడే వణుకు, కళ్ల వెనక పోటు, 104 జ్వరం. వానకు కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. తెల్లారేదాకా జీపు లేదన్నారు.

మేం దిగిన ఇంటి పెద్దావిడ బొంబో, అంటే డప్పు కొట్టి, ఆత్మల్ని పిలిచి జబ్బు నయం చేసే మనిషి. నేపాలీలో ఝాంక్రీ అంటారు. మన భూతవైద్యుడనే మాట ఆమెకు అతకదు, చులకనగా వినిపిస్తుంది. బొంబోల్లో ఆడవాళ్లు తక్కువ. నిజానికి ఆమెను ఫోన్‌లో వీడియో తీసుకుందామనే వెళ్లాను. తీరా నేనే ఆమె ముందు పడుకోవాల్సి వచ్చింది.

మెడలో రుద్రాక్షలు, వాటితో కలిపి నల్లటి గింజల మాల. దగ్గరగా చూస్తే కుంకుడు గింజలు! చేతిలో రెండువైపులా తోలు బిగించిన డప్పు, చెక్కిన కొయ్య పిడి, వంకర పుల్ల. పళ్లెంలో బియ్యం గింజలు పోసి చూసి, "సాతో పోయింది" అంది. ప్రాణంలో ఒక పాలు భయపడి ఒంట్లోంచి వెళ్లిపోవడమట. మా అమ్మయితే "జడుసుకుంది" అనేది.

అర్ధరాత్రి దాటాక ఊపిరి అందలేదు. ఇక్కడే పోతే నన్ను చిత్తూరు దాకా ఎలా తీసుకెళ్తారు, ఎంతవుతుంది, పాప పరీక్షలప్పుడు చెప్తారా, తర్వాత చెప్తారా... ఇవే ఆలోచనలు. డప్పు ఆగితే నేనూ ఆగిపోతాననిపించింది. ఆమె ఆపలేదు. తీతేపాతీ రెమ్మతో దిగదుడిచింది. ఆ వాసన తెలిసిందే, వినాయకచవితి పత్రిలో మాచిపత్రిది. అప్పుడు ఏడుపొచ్చింది.

తెల్లవారుజామున తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ నా నడుము దగ్గర ఆగింది. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు. నొప్పి లేదు కాబట్టి నేను చూసుకోనే లేదు. కొడుకును పిలిచి, "ఇది నా పని కాదు, డాక్టరుకు చూపించమను" అని చెప్పించింది. డబ్బు తీసుకోలేదు. కాసిని బియ్యం, ఒక గుడ్డు, అంతే.

జీపులో ఆ అబ్బాయి చెప్పాడు. ఆమెకు పదమూడేళ్లప్పుడు ఒళ్లు వణికి అడవిలోకి పరుగెత్తేదట. చనిపోయిన తాత, ఆయనా బొంబోనే, మీదికి వస్తున్నాడన్నారు. ఆడపిల్ల డప్పు పట్టడమేంటని ఊళ్లో గొడవ. 2015 ఏప్రిల్ 25 భూకంపం తర్వాత మాత్రం, గొడవపడిన ఇళ్లవాళ్లే పిల్లల్ని ఎత్తుకొచ్చారట, సాతో పిలవమని.

ఖాట్మండులో పెద్దాసుపత్రి. పొక్కు చూపించబోతే పెద్ద డాక్టరు నవ్వాడు. "ఝాంక్రీ చూసేసిందిగా, ఇంక మేమెందుకు?" చూడలేదు. డెంగీ అన్నారు, కాదన్నారు. టైఫాయిడ్ అన్నారు, అదీ కాదన్నారు. మూడో రాత్రి డ్యూటీకొచ్చిన చిన్న డాక్టరమ్మ దుప్పటి తీసి ఒక్క చూపు చూసింది. స్క్రబ్ టైఫస్ అంది, సన్నపురుగు కుట్టిన చోట ఇలా నల్లమచ్చ పడే జ్వరం. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండు రోజులకు జ్వరం దిగింది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

నన్ను బతికించింది మాత్రలే, కాదనను. కానీ ఆ మచ్చను ముందు చూసింది ఎవరు?

ఇంకో సంగతి. పొదల్లో, గడ్డిలో ఉండే సన్నపురుగు కుట్టిన వారం, పది రోజులకు గానీ ఈ జ్వరం రాదట. గత్లాంగ్ చేరిన మర్నాడే పడ్డాను కదా! అంటే బయల్దేరే ముందు మా చెరకు తోటలో గడ్డి కోసినప్పుడే కుట్టి ఉండాలి. మా ఆయన మాత్రం ఇప్పటికీ "నేపాల్ పోయి రోగం తెచ్చుకుంది" అనే అందరికీ చెప్తాడు. జ్వరం రెండు రోజుల్లో తగ్గకపోతే చంకలు, గజ్జలు, నడుము, రొమ్ముల కింద వెతుక్కోండమ్మా. సిగ్గుపడకండి, డాక్టరు నవ్వినా చూపించే రండి.

పోయిన వారం ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. "దీదీ, సాతో వచ్చిందా అని అమ్మ అడుగుతోంది."

మా ఆయన పక్కనే పేపరు చదువుతున్నాడు. గొంతు తగ్గించి, "వచ్చిందని చెప్పు" అన్నాను.