బొంత కింద ఇంగ్లిషు

వాయిస్ ఓవర్ చెప్పడానికి, అంటే వీడియోకి వెనకనించి గొంతివ్వడానికి, నాకొచ్చిన స్క్రిప్టు ఫైలు పేరు చివర ‘ఈఎన్-ఐఎన్’ అని ఉంది. అమెరికన్ ఇంగ్లిషుకి ఈఎన్-యూఎస్, బ్రిటిష్‌కి ఈఎన్-జీబీ ఉన్నట్టే మన ఇంగ్లిషుకీ ఒక కోడ్ ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. పెళ్లికి ముందు విశాఖలో నాలుగేళ్లు కాల్ సెంటర్లో చేశాను. మొదటి నెలంతా జీతమిచ్చి మరీ నా నోట్లోంచి శ్రీకాకుళాన్ని తోమి కడిగేశారు. ‘యమ్’ కాదు ‘ఎమ్’, ‘వోన్లీ’ కాదు ‘ఓన్లీ’. ఇప్పుడు ఎవరో ఆ కడగని ఇంగ్లిషే కావాలి, డబ్బులిస్తాం అంటున్నారు.

వాయిస్ ఓవర్ పని కోసం వెతుకుతూ ముందు ఒకచోట మోసపోయాను, అది చెప్పేసి ముందుకెళ్తాను. ‘ట్రయల్’ అని ఆరు పేజీలు చదివించుకున్నారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ట్రయల్ అంటే ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అంతకు మించి అడిగారంటే అది పనే, దానికి రేటు మాట్లాడుకోవాలి. ఇంకొకరు రిజిస్ట్రేషన్‌కి రెండు వేలు కట్టమన్నారు. పని ఇచ్చేవాడు మనకివ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడమేంటని అప్పటికి తెలివొచ్చింది.

మూడోది హైదరాబాద్ స్టూడియో. పొందూరు ఖద్దరు మీద పద్నాలుగు నిమిషాల డాక్యుమెంటరీ. కథనం ఇండియన్ ఇంగ్లిషులో కావాలి. మధ్యలో నూలు వడికే ఒక ముసలమ్మ మాటల మీద కూడా నా గొంతే పడాలి. ముందు కంప్యూటర్ గొంతుతో చేయించి చూశారట, అది అక్కడ దూది దువ్వడానికి దవడ వాడే వాలుగ చేపని ‘వల్యూగా’ అందట.

మొదటి ట్రయల్ పంపాను. డైరెక్టర్ గారు ఫోన్ చేసి, “మేడమ్, మీరు అమెరికాలో ఎవరి క్రెడిట్ కార్డు బ్లాక్ చేస్తున్నారు?” అన్నారు. సిగ్గేసింది. రెండోసారి పట్టుబట్టి ‘ఇండియన్’గా చదివాను. అది ఇంకా ఘోరం, సినిమాలో కామెడీ ట్రాకులా వచ్చింది. అప్పుడాయన, “సరే, మీ ఇంటికి రావాలంటే స్టేషన్లో దిగి ఎలా రావాలో ఇంగ్లిషులో చెప్పండి” అన్నారు. శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్నా ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో అనీ, అక్కణ్ణించి బస్సో ఆటోనో పట్టుకుని ఏడురోడ్ల జంక్షన్లో దిగాలనీ చెప్పుకుపోయాను. ఆయన అవతల రికార్డు చేసుకుంటున్నారు. “ఇదీ కావాల్సింది. ఇలాగే చదవండి” అన్నారు.

ఆ మూడో రికార్డింగ్‌లో ఒక చిత్రం గమనించాను. అమెరికన్ యాసలో మాట మొదట్లో వచ్చే ప, ట, క లతో పాటు గాలి కూడా బయటికొస్తుంది. ‘పీపుల్’ అంటే ‘ఫ్హ్’మని మైకుకి తగిలి ఫట్‌మంటుంది. మన ‘పప్పు’లో ప కి ఆ గాలి ఉండదు. నా మొదటి ట్రయల్ నిండా ఫట్‌ఫట్‌లే, మూడోదాంట్లో వెతికితే రెండు దొరికాయి. ఆ గాలిని ఆపడానికి మైకు ముందు పెట్టే పాప్ ఫిల్టర్ ఆపలేనిది నా పప్పు ఆపింది.

యాస కుదిరాక గది కుదరలేదు. వాళ్లకి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో, వేవ్ ఫైల్ కావాలి. ఎంపీ3 పనికిరాదు. అదంతా ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు క్లిక్కులు. కష్టమంతా నిశ్శబ్దంతోనే. ఎవరూ మాట్లాడనప్పుడు గది చప్పుడు మైనస్ 60 డెసిబెల్స్ కంటే తక్కువ ఉండాలన్నారు; మైనస్ పక్కన అంకె ఎంత పెద్దదైతే అంత నిశ్శబ్దం. నాది మైనస్ 42 చూపించింది. ఫ్యాన్ ఆపేశాను, మైనస్ 48. వంటింట్లో ఫ్రిజ్ గురగురలాడుతోందని ఎంతోసేపటికి వెలిగింది. దాని ప్లగ్ పీకి, పరుపు గోడకి నిలబెట్టి, అత్తయ్య పాత చీరలతో కుట్టిన బొంత నెత్తిన కప్పుకుని, మైకుని జానెడు దూరంలో పెట్టుకుని కూర్చున్నా. మైనస్ 61! మే నెల, కరెంటు పోయినట్టు చెమట. రాత్రి పదకొండు దాటితే గానీ రోడ్డు మీద ఆటోలు సద్దుమణగవు, అప్పుడు కుక్కలు మొదలెడతాయి. ఫ్రిజ్ ప్లగ్ పెట్టడం మర్చిపోయి రెండు లీటర్ల పాలు విరిగిపోయాయి. అత్తయ్య ఏమీ అనలేదు. అనకపోవడమే భయం.

కథనం మూడు రాత్రుల్లో అయింది. ముసలమ్మ ముక్క ఒక్కటే రెండు రాత్రులు తినేసింది. ఇలాంటిచోట పెదాలకి అతికేలా డబ్బింగ్ చెప్పరు. ముందు ఒకటి రెండు సెకన్లు ఆవిడ గొంతే వినిపించి, దాన్ని తగ్గించి మన గొంతు ఎక్కిస్తారు. ఆవిడ ముగించే లోపే మనమూ ముగించాలి. వీడియోలో ఆవిడ వాలుగ చేప దవడ ఎముక పట్టుకుని, దాని సన్నటి పళ్లతో దూదిని దువ్వుతూ అంటుంది: “ఈ దవడ నేకపోతే దూది సాపుగ రాదు బాబూ. మిసన్లు ఏటి సేత్తాయి?” ముందు ఆవిడ గొంతుకి వదిలింది పోగా నాకు మిగిలేది ఐదు సెకన్లు. స్క్రిప్టులో దానికి ముప్ఫై ఇంగ్లిషు మాటలు రాశారు, చేప శాస్త్రీయ నామంతో సహా! నిమిషానికి 150 మాటల లెక్కన ఐదు సెకన్లకి పన్నెండు పదమూడు పడతాయి. “వితౌట్ దిస్ జాబోన్, బాబూ, ద కాటన్ వోంట్ కమ్ స్ట్రెయిట్. వాట్ విల్ మెషీన్స్ డూ?” అని కుదించి పంపాను. స్క్రిప్టులో ‘మై సన్’ అని ఉన్నదాన్ని ‘బాబూ’ అనే ఉంచేశాను. అడక్కుండా మార్చినందుకు తిడతారనుకుంటే ఒప్పుకున్నారు.

ఒప్పందం మాత్రం సంతకం పెట్టే ముందు మూడుసార్లు చదివాను. అందులో ‘నా గొంతుని ఏ సాంకేతికతతోనైనా, ఎప్పటికీ వాడుకోవచ్చు’ అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంది. అంటే రేపు నా గొంతుతో కంప్యూటర్ చేత మాట్లాడించినా నేను అడగలేను. ఈ సినిమాకి మాత్రమే అని మార్పించుకున్నాను. టెన్షన్ పడ్డాను గానీ, అడిగితే మార్చారు. పాన్ నంబర్ అడిగారు, ఇచ్చాను.

అంతా పంపేశాక నాలుగో రోజు మెయిల్ వచ్చింది. ఒక్క మాట మళ్లీ కావాలట, రెండో నిమిషంలో. తెరిచి విన్నాను. ఊరి పేరే. అంత రికార్డింగ్ మధ్య, ఎక్కడో కాల్ సెంటర్ అమ్మాయి నిద్రలేచి ‘ఫాండూరూ’ అని తీరిగ్గా గాలి కలిపి పలికింది. ఇక్కణ్ణించి గంట ప్రయాణం కూడా లేని ఊరు.

వాకిట్లోంచి అత్తయ్య విని, “అదేటి, పొందూరు కాదూ?” అంది. ఫ్రిజ్ ప్లగ్ తనే పీకి, బొంత తెచ్చిచ్చింది.